మందిరం పెద్దది చేయాలా? ముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడండి

మీ సంఘం పెరిగిందా? హాలు నిండిపోయి, పిల్లతల్లులు బయట షామియానా కింద కూర్చుంటున్నారా? వెంటనే "పునాది వేసేద్దాం" అంటాం కదా. ఒక్క నిమిషం ఆగండి.

నెహెమ్యా 52 రోజుల్లో గోడ కట్టించాడని అందరం చెప్పుకుంటాం. అంతకుముందు జరిగింది మాత్రం మర్చిపోతాం. కిస్లేవు నెలలో వార్త విన్నాడు, నీసాను నెలలో గానీ రాజుతో మాట్లాడలేదు. అంటే దాదాపు నాలుగు నెలలు ప్రార్థన! తర్వాత కలప కోసం ఆసాపుకు ఉత్తరం అడిగాడు. యెరూషలేము చేరాక ఎవరికీ చెప్పకుండా, రాత్రివేళ వెళ్లి కూలిన గోడను చూసుకున్నాడు.

మనమూ అంతే. ముందు రెండో ఆరాధన పెట్టి చూడండి. అదీ చాలకపోతే స్థలం కాగితాలు, అనుమతి, ఎస్టిమేట్ సరిచూసుకోండి. బాత్రూములు, పెద్దవాళ్ళకు ర్యాంపు లెక్కలో ఉన్నాయా? పని సగంలో ఆగి చువ్వలు తుప్పు పడుతుంటే, కూలి డబ్బుల్లోంచి కానుక ఇచ్చిన అమ్మ ఏమనుకుంటుంది? ఆ రూపాయికి మనం లెక్క చెప్పాలి.

ఈ ఆదివారం యూత్ అంతా కలిసి మీ హాలు చుట్టూ తిరగండి. చూసింది రాసి పాస్టర్ గారికి ఇవ్వండి.