భూగర్భమున బొగ్గుపులుసు వాయువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

మెట్రిక్కుతో చదువు ముగించి, గూడ్సు ఆఫీసులో లెక్కలు వ్రాసుకొను మేము శాస్త్రవిషయము మాట్లాడుట సాహసమే. కాని ఆ లెక్కలే మమ్ము ఇక్కడికి తెచ్చినవి.

తాల్చేరు బొగ్గు మన ఖుర్దారోడ్డు మీదుగా విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్కేంద్రమునకు పోవుట మీరెరిగినదే. మా కాగితములలో బొగ్గు కథ అక్కడితో ముగియును. నిజమునకు ముగియదు. 12 టన్నుల కర్బనము కాలినచో 44 టన్నుల బొగ్గుపులుసు వాయువగును. బూడిద ఎక్కువైన తాల్చేరు బొగ్గు సైతము తనకంటె బరువైన వాయువును విడుచును. భూమి వేడెక్కుటకు అది ముఖ్య కారణము.

ఆ వాయువును పట్టి మరల భూమిలోనికి పంపవచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నార్వేవారు 1996లో ఉత్తర సముద్రము అడుగున స్లైప్నర్ అనుచోట ఈ పని మొదలుపెట్టి, చాల సంవత్సరములు ఏటా పది లక్షల టన్నులకు దరిదాపుగా పంపినారు.

ఇందుకు ఇసుక, ఒండ్రు కోట్ల యేండ్లు పొరలుగా పేరుకొని రాయియైన ప్రాంతము కావలెను. దానిని అవక్షేప బేసిను అందురు. మనదేశమున ఇట్టివి 26 గుర్తించినారు. అన్నియు పనికిరావు. పొర సుమారు 800 మీటర్లకంటె లోతున ఉండవలెను. అక్కడి వత్తిడికి వాయువు నొక్కుకొని ద్రవమువలె చిక్కనై, కొద్ది చోటులో ఇముడును. ఇసుకరాతిలో సన్నని రంధ్రములుండి, అవి ఒకదానితో ఒకటి కలిసియుండవలెను. పైన బంకమన్ను గట్టిపడిన రాయి మూతవలె కప్పియుండవలెను. పెద్ద పగుళ్లు ఉండరాదు. మంచినీటి పొరలు దూరముగా ఉండవలెను.

రంధ్రముల కొలతనుబట్టి ఇన్ని కోట్ల టన్నులు పట్టునని లెక్క కట్టుదురు. కాని ఆ రంధ్రములలో ముందే ఉప్పునీరున్నది. దానిని తొలగించి వాయువు నిజముగా ఆక్రమించునది నూటికి కొద్ది పాళ్ళే.

వ్యాగను మీద కూడ ఎన్ని టన్నులు పట్టునో వ్రాసియుండును. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఆ అంకె మాత్రము చూచి మేము బియ్యము ఎక్కించినాము. గమ్యము చేరునప్పటికి తలుపు సీలు చెక్కుచెదరలేదు. బస్తాలు మాత్రము తడిసి ముద్దయినవి. కప్పు తుప్పుపట్టి చిల్లిపడినది మేము చూడలేదు. ఆనాడు సంజాయిషీ వ్రాసిన చేయి ఇంకను ఆ సంగతి మరువలేదు.

భూమి కప్పునకును ఇదే పరీక్ష. అల్జీరియాలో ఇన్ సలా అనుచోట 2004లో వాయువును పంపసాగినారు. మూతరాయి నిలుచునా యను సందేహము కలిగి 2011లో ఆపినారు. వారు ఎప్పటికప్పుడు కనిపెట్టి చూచుచుండుటచే ఆపగలిగినారు.

మనలో కొందరి బంధువులు కోనసీమలో, యానాములో ఉన్నారు. ఆ నేల క్రింద కృష్ణా-గోదావరి బేసినున్నది. చమురుకు, గ్యాసుకు త్రవ్విన బావులు అక్కడ అనేకము. పాత బావి ప్రతిదియు మూతకు పడిన చిల్లి వంటిదే. సరిగా పూడ్చినారో లేదో చూడవలెను. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండుట మరువరానిది. బొగ్గుపులుసు వాయువు మండదు. కాని గాలికంటె బరువైనది, పల్లమున నిలిచి ఊపిరి ఆపగలదు. 1986లో కామెరూనులోని న్యోస్ సరస్సు నుండి తనంతట వెలువడి 1,700 మందికి పైగా బలిగొన్నది. అది సరస్సు, రాతిపొర కాదు, అయినను హెచ్చరికయే.

ఈ పని వద్దని మేము అనుట లేదు. బొగ్గు మోసి జీతము తీసుకొను మేము అట్లనుట న్యాయము కాదు. ఎన్ని టన్నులు పట్టునని అడుగుటతో తృప్తిపడక, మూత ఎట్టిది, పాత బావులెన్ని, పంపిన తరువాత ఎన్నేండ్లు, ఎవరు కనిపెట్టియుందురు అని మనవారు అడుగవలెనని మాత్రమే మా మనవి.