మార్పుచేఁపల పోషణము – మేతవిధానము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



చేఁపను పట్టుట మన పెద్దలు మనకు నేర్పిన విద్య. చేఁపను పెంచుట మనము క్రొత్తగా నేర్వవలసిన విద్య. పట్టువానికి వలయు సాధనములు వల, పడవ, ఓర్పు. పెంచువానికి వీనితోపాటు త్రాసు, లెక్కపుస్తకము ననువి కూడ కావలయును. ఏలయనఁగా చేఁపల పెంపకమున నగు వ్యయములో సగమునకు మించినభాగము మేతక్రిందనే పోవును. మేత తక్కువైన చేఁప యెదుగదు; ఎక్కువైన నీరు చెడును; రెండువిధములను నష్టపడువాఁడు పెంపకందారుఁడే. కావున నేఁటి యుపన్యాసమునకు మేతనే విషయముగాఁ గైకొంటిని.

మన అర్ధవీడు ప్రాంతము నల్లమలను ఆనుకొనియున్నది. సమీపమున గుండ్లకమ్మపై విజయనగరరాజుల కాలమున వరదరాజమ్మగారు కట్టించిరని ప్రసిద్ధిగాంచిన కంభము చెఱువు గలదు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు 2020వ సంవత్సరమున దానిని వారసత్వకట్టడముగా గుర్తించిరి. ఇట్టి గొప్ప తటాకము చేరువనున్నను, మార్కాపురము మొదలు గిద్దలూరు వఱకుఁ గల పల్లెలయందు వానలు నమ్మఁదగినవి కావు. సేద్యపుకుంటలలో నీరు శ్రావణ భాద్రపదములలోఁ జేరి, వేసవి ముదురునప్పటికి అడుగంటుచుండును. ఏడెనిమిది నెలలు మాత్రమే నిలుచు చిన్న కుంటలో బొచ్చె, రోహితములు అంగడికిఁ దగిన పరిమాణమునకు పెరుగుట కష్టము. అట్టిచోటఁ బెంపఁదగినది మన దేశవాళి మార్పుచేఁప. దీనినే ఉత్తరదేశమున మాగుర్ అందురు. బీహారువారు దానిని తమ రాష్ట్రమత్స్యముగాఁ జేసికొనిరి. ఇది మీసములు గలిగి, పొలుసులు లేక, మొప్పలకుఁ దోడుగా గాలిని పీల్చుకొను ప్రత్యేకావయవమును గలిగియుండుటచే కొలఁదినీటియందును జీవింపఁగలదు.

ఇచ్చట నొక హెచ్చరిక అవశ్యము. ఆఫ్రికాజాతి మార్పు వేఱు, మనది వేఱు. ఆఫ్రికాజాతి వేగముగాఁ బెరుగును. కాని అది క్రూరభక్షకము. వానకాలమున కుంటకట్ట దాఁటి వాగులోఁ బడినచో దేశవాళి మత్స్యములను మ్రింగివేయును. అందుచేతనే భారతప్రభుత్వమువారు దాని పెంపకమును 2000వ సంవత్సరముననే నిషేధించిరి. జాతీయ హరిత న్యాయస్థానమువారును 2019లో ఆ నిషేధము నమలుపఱుపవలసినదని యాజ్ఞాపించిరి. పిల్లలుగా నున్నప్పుడు ఈ రెండుజాతులను గుర్తుపట్టుట సామాన్యులకు దుర్ఘటము. కావున విత్తనమును తెలియనివారియొద్దఁ గొనక, మత్స్యశాఖాధికారుల సలహాతోనే తెప్పించుకొనవలయును. భువనేశ్వరమునొద్ద కౌసల్యాగంగయందలి కేంద్రసంస్థవారు దేశవాళి మార్పు విత్తనోత్పత్తియందు చిరకాలముగాఁ గృషి చేయుచున్నారు. మన కుంటలనుండి పొరలిన నీరు తుదకుఁ జేరునది గుండ్లకమ్మనే. ఆ చెఱువుమీఁద బ్రతుకు మన కులస్థుల నోటికూటిని మన చేతులతో మనమే తీసివేయరాదు.

ఇఁక మేతక్రమము. శతపథబ్రాహ్మణమున మనువు చేతికిఁ జిక్కిన చిన్నచేఁప కథ మీ రెఱిఁగినదే. మనువు దానిని మొదట కుండలోను, పిదప గుంటలోను, తుదకు సముద్రములోను ఉంచెను. పెరుగుదలనుబట్టి వసతి మార్చవలెనను ఆ నీతియే మేతకును వర్తించును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల మూఁడునాలుగు దినములు తన సొనతోనే జీవించును. పిమ్మట దానికి నీటిలోని సూక్ష్మజీవులు, సన్నగాఁ జిదిపిన ఉడికిన గ్రుడ్డు వంటి మృదువైన ఆహార మీయవలయును. ఆ దశలో గాలిని పీల్చు అవయవ మింకను ఏర్పడియుండదు గనుక నీటియందు ప్రాణవాయువు చక్కఁగా నుండవలయును. ఈ శైశవపోషణము కడు సున్నితమైనది. మనబోఁటి చిన్న పెంపకందారులు ఈ దశ దాఁటి, వ్రేలెడు పొడవైన పిల్లలనే కొనుట మేలు.

మార్పు మాంసాహారప్రధానమైన మత్స్యము. దాని మేతలో నూటికి ముప్పది మొదలు ముప్పదియైదుపాళ్లు మాంసకృత్తు లుండవలయును. మనవారు తవుడును వేరుసెనగ చెక్కను సమభాగములుగాఁ గలిపి వేయుట వాడుక. చెక్కలో నూటికి రమారమి 40 పాళ్లు, తవుడులో 12 పాళ్లు మాంసకృత్తులుండునని కొన్నచో, ఈ సమభాగపు మిశ్రమమున 26 పాళ్లే యుండును. ఇది బొచ్చెకుఁ జాలును గాని మార్పునకుఁ జాలదు. దానికి బదులు 50 పాళ్లు మాంసకృత్తులుగల ఎండుచేఁపల పొడి 30 కిలోలు, చెక్క 40 కిలోలు, తవుడు 28 కిలోలు, ఖనిజలవణముల విటమినుల మిశ్రమము 2 కిలోలు కలుపుఁడు. చేఁపపొడివలన 15, చెక్కవలన 16, తవుడువలన మూఁడింటికిఁ బైగా, మొత్తము 34 పాళ్లకు మించి లభించును. చెక్కను ముందునాఁడు నానవేసి, తవుడుతోఁ గలిపి యుడికించి, చల్లారినపిదపనే చేఁపపొడియు, విటమినుల మిశ్రమమును గలిపి ముద్దలు చేయవలయును. వేఁడిలోఁ గలిపిన విటమినులు నశించును. మేతను ముద్దచేసి చేఁపల కందించుట మనకుఁ గ్రొత్తగాదు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్యరాజగు సోమేశ్వరుని మానసోల్లాసమునందలి మత్స్యవినోద ప్రకరణమే యిందుకు సాక్ష్యము.

ఎంత మేత వేయవలెను? దీనికి జవాబు చేఁపల బరువులో నున్నది. పిల్లల దశలో వాని మొత్తపు బరువులో నూటికి పదివంతులు, నడుమ అయిదు, పెద్దవైనపిదప మూఁడు, పట్టుటకు ముందు రెండు – ఇది స్థూలమైన సూత్రము. ఉదాహరణము: కుంటలో 1000 చేఁపలు, ఒక్కొక్కటి 30 గ్రాములు. మొత్తము 30 కిలోలు. అందులో నూటికి అయిదన దినమునకు ఒకటిన్నర కిలో. కొంతకాలమునకు 900 మిగిలి, ఒక్కొక్కటి 100 గ్రాము లైనవనుకొనుఁడు. మొత్తము 90 కిలోలు. నూటికి మూఁడన దినమునకు 2 కిలోల 700 గ్రాములు. పదునైదు దినముల కొకమాఱు వలవేసి, ముప్పది చేఁపలను తూఁచి, సగటు కట్టి, మేతను సవరించుకొనవలయును. కంటి అంచనా త్రాసునకు సాటిరాదు.

మార్పు రాత్రించరము. పగలు అడుగున నడఁగియుండి, చీఁకటిపడఁగానే మేతకు వెడలును. కావున దినపు మేతలో మూఁడింట రెండువంతులు సాయంకాలమునను, తక్కినది ఉదయమునను వేయుట యుక్తము. మేతను నీటిలో విసరివేయక, బుట్టలలో నుంచి నాలుగు తావులయందు దింపవలయును. రెండుగంటలకుఁ బిదప బుట్ట పైకెత్తి చూచినచో, చేఁప మనతో మాటలాడినట్లే యుండును: బుట్ట ఖాళీయైన మఱికొంత యిమ్మని, మిగిలియున్నచో రేపు తగ్గింపుమని. మిగిలిన మేత క్రుళ్లి అమోనియాగా మాఱును. మార్పు గాలిని పీల్చును గనుక మురుగునీటిలో నుంచినను బాధలేదని కొందఱందురు, అది పొరపాటు. ప్రాణవాయువు కొఱఁతను అది గాలిచేఁ దీర్చుకొనును గాని, అమోనియానుండి తప్పించుకొనలేదు. నీటిలోఁతు మూఁడడుగులకుఁ బెద్దగా మించరాదు. గాలికై మాటిమాటికిఁ బైకి వచ్చుటలోనే తిన్నదంతయు వ్యయమగును. మార్గశిర పుష్యమాసములలో చలిచే ఆఁకలి తగ్గును గాన మేతయుఁ దగ్గింపవలయును.

బలవంతుఁడు బలహీనుని కబళించుట మాత్స్యన్యాయమని రాజనీతిజ్ఞు లనిరి. అది కేవలము ఉపమానము గాదు. మేత చాలనిచోటను, పెద్దవియుఁ జిన్నవియుఁ గలిసినచోటను మార్పులు ఒండొంటిని తినును. కావున పరిమాణమునుబట్టి వేఱుపఱచుటయు, వేళకు మేత యిచ్చుటయుఁ దప్పదు.

చౌకయని కోళ్లదుకాణముల వ్యర్థములను వేయువారు కలరు. అది నీటిని చెఱచును, రోగములను దెచ్చును, కొనువారికి రోఁత పుట్టించును; అధికారులును దానిని నిషేధించిరి. బూజుపట్టిన వేరుసెనగ చెక్కయు నట్టిదే. అందలి అఫ్లాటాక్సిన్ అను విషము చేఁప కాలేయమును గుందించును. పశువునకుఁ బెట్టరాని చెక్క చేఁపకుఁ బెట్టరాదు.

తుదకు ధనవిషయము. వంద కిలోల చేఁపకు మేత రెండువంద లైనచో ఇంటికి లాభము. మూఁడువంద లైనచో ఆ లాభము మేతవర్తకునిది. మేత అరువు దెచ్చుకొన్నవాఁడు చేఁపను అతఁడు చెప్పిన ధరకే యీయవలసివచ్చును. వలలోఁ బడినది చేఁపయా, మనమా యని సందేహము కలుగును. 2018–19లో కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యము మత్స్యకారులకును విస్తరింపఁబడినది. అర్హులందఱును దానిని వినియోగించుకొనవలయును. పోషకమహాశయులకు నా మనవి యొక్కటే. సత్రములు కట్టించితిరి, పెండ్లిండ్లు చేయించితిరి. ఊరూరను ఒక మర, ఒక త్రాసు, తడితగులని ఒక కొట్టు ఏర్పఱచి, పదికుటుంబములు కలిసి మేత తయారుచేసికొనునట్లు చేయుఁడు. లెక్క వ్రాయుటకు బడిలోఁ జదువుకొనుచున్న మన బాలబాలికలు చాలుదురు. ఒకయేఁడు ఒకకుంటలో లెక్కప్రకారము పెంచి చూపినచో, ఇరుగుపొరుగు పల్లెలకు వేఱు ఉపన్యాసము లక్కఱలేదు.