కేంద్రము లేని పంపకము - చట్టము



ఒక తాళపత్ర గ్రంథపు ఆకులను విడదీసి నూరిండ్లలో నుంచినారని భావింపుడు. చదువగోరినవాడు ఇంటింటికి పోయి నకలు వ్రాసికొనును. తాను వ్రాసికొన్న యాకును వెంటనే మరియొకనికి నకలున కిచ్చును. దీనికి భాండాగారము లేదు, అధికారియు లేడు. నేడు కంప్యూటర్ల నడుమ పాటలు, చలనచిత్రములు, గ్రంథములు ఇట్లే సంచరించుచున్నవి. కేంద్రమే లేనిచో చట్టమునకు చిక్కువా రెవ్వరును లేరని పలువురి నమ్మకము. అది యెంతవరకు నిలుచునో మనవి చేసెదను.

1999వ సంవత్సరమున అమెరికాలో నాప్‌స్టర్ అను సంస్థ వెలసెను. పాటలు జనుల యొద్దనే యుండెడివి. ఏ పాట యెవరి యొద్ద గలదో తెలుపు పట్టిక మాత్రము సంస్థ యొద్ద నుండెను. ఆ పట్టికయే దానికి చేటు తెచ్చినది. 2001లో న్యాయస్థానము సంస్థకు బాధ్యత గలదనెను. ఆ యేటనే ఆ పంపకము నిలిచిపోయెను.

పిమ్మట గ్రోక్‌స్టర్ వారు అట్టి పట్టికను తమ యొద్ద నుంచుకొనక, తాము పనిముట్టును మాత్రమే యిచ్చితిమని వాదించిరి. ఆ వాదమునకు బలము లేకపోలేదు. న్యాయమైన యుపయోగము గల యంత్రము నమ్మినంత మాత్రమున దోషము లేదని 1984లో సోనీ వారి వీడియో యంత్రము విషయమున అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండెను. అయినను 2005లో ఆ కోర్టే, హక్కుభంగమునకు జనులను పురికొల్పుచు పనిముట్టును పంచినవాడు బాధ్యుడే యని యేకగ్రీవముగా నిర్ణయించెను. కత్తి నమ్ముట నేరము కాదు. ఫలానివానిని పొడువుమని చెప్పి యమ్ముట నేరము.

ఇక పుచ్చుకొనువాని మాట. బిట్‌టొరెంట్ పద్ధతిలో పుచ్చుకొనువాడే యిచ్చువాడు కూడ నగును. అతని కంప్యూటరు చిరునామా తక్కినవారికి కనబడుచునే యుండును. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 63వ సెక్షను ననుసరించి, తెలిసి హక్కుభంగము చేసినవానికి 6 నెలలు మొదలు 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 మొదలు 2,00,000 రూపాయల వరకు జుల్మానా కలదు. వ్యాపారలాభము కొరకు చేయనిచో, కోర్టువారు విశేష కారణములు తీర్పున వ్రాసి శిక్షను తగ్గింపవచ్చును.

పద్ధతి నిషిద్ధము కాదు. పంచబడు వస్తువునుబట్టియే దోషము. కర్త స్వయముగా అనుమతించిన గ్రంథమును, కర్త గతించి 60 సంవత్సరములు దాటిన గ్రంథమును నిర్భయముగా పంచుకొనవచ్చును. ఇంటి కనెక్షను తరచుగా పెద్దల పేరనే యుండును. విచారణ వచ్చినచో మొదట ఆ పేరు గలవారి వాకిటికే వచ్చును. కావున ఇంటి పిల్లలు ఏమి పుచ్చుకొనుచున్నారో, ఏమి పంచుచున్నారో పెద్దలు విచారించుట మేలని నా మనవి.