కొండమీద నుంచి చూసిన అమెరికా



కూతురి పురుటికనో, మనవల్ని చూసుకోవడానికనో అమెరికా వెళ్ళొచ్చిన తల్లులు ఈ రోజుల్లో వీధికొకరైనా ఉన్నారు. "ఎలా ఉందండీ అక్కడ?" అనడిగితే చాలామంది చెప్పేదొకటే: నున్నటి రోడ్లు, పెద్ద పెద్ద దుకాణాలు, కిటికీలోంచి చూస్తే మనిషి కనబడని వీధి. మొదటిసారి వెళ్ళొచ్చి నేనూ అదే చెప్పాను. క్రిందటేడు మళ్ళీ వెళ్ళినప్పుడు మా అమ్మాయి మమ్మల్ని మూడు కొండలెక్కించింది. అది ఒక్క దేశంలా కాక, నాలుగైదు దేశాలు పక్కపక్కన పెట్టినట్లుందని అప్పుడు తెలిసింది.

మొదటిది తూర్పున స్మోకీ పర్వతాల్లోని కువోహి శిఖరం. ఎత్తు 6,643 అడుగులు. అక్కడి ఆదివాసులైన చెరోకీలు పెట్టుకున్న ఈ పాత పేరును 2024లో తిరిగి ఖాయం చేశారు. అరమైలు ఏటవాలు బాట నడిచి, పైనున్న కట్టడమెక్కి చూస్తే అలలు అలలుగా నీలికొండలు! పొగలా కమ్ముకున్నది పొగ కాదట, చెట్లు వదిలే ఆవిర్లట. కోట్ల ఏళ్ళ వానలకు అరిగి, మన అమ్మమ్మల నాటి సన్నికల్లులా నునుపు తేలాయి ఆ కొండలు.

రెండోది కొలరాడోలోని పైక్స్ పీక్. 14,115 అడుగులు. మన తిరుమల గుడి ఉన్నది మూడువేల అడుగుల లోపే కదా, ఇది దానికి సుమారు అయిదింతలు! పైన చెట్టన్నది లేదు, అంతా బండలే. తూర్పుకి తిరిగితే కంటిచూపు ఆనేదాకా చాపలా పరిచిన మైదానం, పడమటికి తిరిగితే మంచుకొండల వరస. 1858లోనే జూలియా హోమ్స్ అనే ఆవిడ ఈ కొండెక్కింది. 1893లో కాథరిన్ లీ బేట్స్ అనే ఉపాధ్యాయిని ఎక్కి, ఆ దృశ్యం మనసులో పెట్టుకుని "అమెరికా ది బ్యూటిఫుల్" గీతం రాసింది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. "ఒకరోజు కింద ఊళ్ళో ఆగి వెళదామమ్మా" అని అమ్మాయి అంటూనే ఉంది. సెలవు వృథా ఎందుకని నేనే తొందరపెట్టాను. పైన ప్రాణవాయువు మామూలులో సుమారు 60 శాతమే అందుతుంది. పది నిమిషాలకే మావారికి కళ్ళు తిరిగి, మాట తడబడింది. అల్లుడు వెంటనే కారు కిందికి దింపాడు. దిగుతున్నకొద్దీ తేరుకున్నారు గానీ, ఆ గంటసేపూ నేను మొక్కని దేవుడు లేడు. రక్తపోటు, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు డాక్టరునడక్కుండా అంత ఎత్తుకు వెళ్ళకండి. వెళ్ళేవాళ్ళు దారిలో ఒకటి రెండు రోజులాగి, మంచినీళ్ళు బాగా తాగుతూ నెమ్మదిగా ఎక్కండి.

మూడోది వాయవ్యాన వాషింగ్టన్ రాష్ట్రంలో, రెయినియర్ అగ్నిపర్వతం ఒడిలోని పారడైజ్ అనే చోటు. ఈసారి శిఖరం జోలికి పోలేదు, 5,400 అడుగుల దగ్గరే ఆగాం! జూలై నెలలోనూ కాళ్ళకింద మంచు. ఆ రాష్ట్రంలో పడమర సముద్రంవైపు హో అడవిలో ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన. కొండలు దాటి తూర్పున యాకిమాలో 8 అంగుళాలే! మబ్బులు కొండకు తగిలి ఇవతలే కురిసేస్తాయి, అవతలికి ఒట్టి గాలి పోతుంది. పడమటి కనుమల చాటున మన అనంతపురం పడే అవస్థా ఇలాంటిదే.

ఈసారి పిల్లలు "ఎక్కడికెళదామమ్మా?" అంటే "ఎందుకే ఖర్చు" అనకండి. ఒక కొండ చూపించమనండి. మీ ఒంటికి తగిన కొండే సుమా!

సెలవు.