తటస్థతను విడిచిన యిరుగుపొరుగులు

2022 మే 18వ తేదీన ఫిన్లాండు, స్వీడను దేశములు నాటో సైనిక కూటమిలో తమ్ము చేర్చుకొనుడని ఒక్కదినముననే యర్జీలు దాఖలు చేసినవి. కోరిక యొక్కటే కాని మనస్సులు వేఱు.

ఫిన్లాండునకు రష్యాతో ఇంచుమించు 1,340 కిలోమీటర్ల సరిహద్దు కలదు. 1939లో సోవియట్టు సేనలు దండెత్తిరాగా ఫిన్నులు దాదాపు ఒంటరిగనే పోరాడిరి. 1940లో కరేలియాసీమలో పెద్దభాగము పోయెను, నాలుగులక్షలకు పైబడిన జనము ఇండ్లు వదలి వచ్చెను. అట్టివారికి తటస్థత బలవంతుని ప్రక్కను బ్రదుకుటకు పట్టిన గొడుగు. ఉక్రెయినుపై రష్యా దండెత్తుటతో అది చినిగినదని తోచెను, పాఱవైచిరి. అంతకుముందు ఏండ్లకొలది సుమారు నాలుగవవంతు జనము మాత్రమే కోరిన కూటమిని, ఆ మే నెలలో నూటికి 76 మంది కోరిరి.

స్వీడను సంగతి యట్లు కాదు. 1814 తరువాత యుద్ధములోనికి దిగని యా జాతికి తటస్థత యింటి యాచారము వంటిది. దానినిబట్టియే తామెవరో చెప్పుకొనుచుండిరి. దానిని విడుచునప్పుడైనను ప్రజల వోటు అడుగవలదా? స్పెయినువారు, కూటమిలో చేరిన పిమ్మటనే యైనను, 1986లో అడిగిరి. దేశరక్షణ రహస్యములు ఇమిడియున్నందున ఇది ప్రజల వోటునకు తగిన విషయము కాదని స్వీడను ప్రధాని ఆండర్సను సెలవిచ్చిరి. ఫిన్లాండులోను అడుగలేదు; అచట జనుల యభిప్రాయము దాగియుండలేదు గనుక మేము తప్పుపట్టము.

ఫిన్లాండు 2023 ఏప్రిల్ 4న చేరెను. స్వీడను మాత్రము టర్కీ, హంగరీల సమ్మతికై కాచుకొని 2024 మార్చి 7న గాని చేరజాలకపోయెను. పరుల యనుమతికై దాదాపు రెండేండ్లు గడపలో నిలిచినవారికి స్వజనుల నడుగుటకు తీరిక లేకపోయెనా?