మింగే ట్యాబ్లెట్ కాదు, ప్రశ్నలడిగే ట్యాబ్! – హెచ్‌ఐవీ రీసెర్చ్‌లో పేషెంట్ మాట

ఈ రోజు టాపిక్ హెచ్‌ఐవీ. ఆగండాగండి, వీడియో మార్చేయకండి. ఎలా వస్తుంది, ఎలా రాదు అనే పాఠం మీరు స్కూల్లోనే విన్నారు. ఈ రోజు అది కాదు. హెచ్‌ఐవీ మీద రీసెర్చ్ జరుగుతుంది కదా, అందులో పేషెంట్ అంటే ఎవరు? రక్తం ఇచ్చి వెళ్లిపోయే శాంపిలా, మాట చెప్పే మనిషా? దాని గురించి మాట్లాడుకుందాం.

అమెరికాలో సియాటిల్ అనే సిటీ ఉంది. మనవాళ్లు చాలామంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఊరే. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ల హెచ్‌ఐవీ క్లినిక్ ఉంది, పేరు మాడిసన్ క్లినిక్. చెకప్‌కి వచ్చినవాళ్ల చేతికి, డాక్టర్ని కలవకముందే ఒక ట్యాబ్ ఇస్తారు. మింగే ట్యాబ్లెట్ కాదు, టచ్ స్క్రీన్ ట్యాబ్! ఈ మధ్య మందులు ఎన్నిసార్లు మిస్సయ్యారు? నిద్ర పడుతోందా? దిగులుగా ఉంటోందా? మందు తాగుతున్నారా? చనిపోవాలనే ఆలోచన వచ్చిందా? ఇలాంటి ప్రశ్నలన్నీ అందులో ఉంటాయి. చావు గురించి ఆలోచన వస్తోందని ఎవరైనా టిక్ పెడితే, వాళ్లు ఇంటికి వెళ్లేలోపే క్లినిక్ సిబ్బందికి కబురు అందుతుంది. అవే జవాబులు, ఎవరివో తెలియకుండా చేసి, రీసెర్చ్‌కి కూడా వాడతారు. ఇలా అమెరికాలోని కొన్ని యూనివర్సిటీ క్లినిక్‌లు కలిసి ఒక నెట్‌వర్క్‌గా పని చేస్తున్నాయి.

నోటితో అడగొచ్చు కదా, ట్యాబ్ ఎందుకు అంటారా? మీరే చెప్పండి, డాక్టర్ గారు "మందులు సరిగ్గా వేసుకుంటున్నావా అమ్మా?" అంటే మనం ఏమంటాం? "వేసుకుంటున్నానండీ." అంతే! వెనక క్యూ ఉంది, పక్కన నర్సు ఉంది, తలుపు తీసే ఉంది. మొహం మీద చెప్పలేనిది స్క్రీన్ మీద నొక్కడం తేలిక. డాక్టర్ల దృష్టికి రాని దిగులు, తాగుడు, మిస్సయిన డోసులు ఈ పద్ధతిలో బయటపడ్డాయి.

ఇంకో సంగతి. స్టావుడిన్ అని ఒక పాత మందు ఉండేది. 2004లో మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మొదలుపెట్టిన రోజుల్లో చాలామందికి ఇచ్చింది అదే. వైరస్ తగ్గేది, రిపోర్టు బాగుండేది. కానీ కొందరికి బుగ్గలు పీక్కుపోయేవి. ల్యాబ్ లెక్కలో ఆ మందు పని చేస్తున్నట్టే. ఊళ్లో ఉండే మనిషికి మాత్రం ఆ మొహమే ఒక భయం, చూసినవాళ్లు ఏమనుకుంటారో అని! ఆ భయంతో ఎవరైనా మందు మానేస్తే తప్పు ఎవరిది? చివరికి 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును మెల్లగా ఆపేయమని దేశాలకు చెప్పింది. వైరల్ లోడ్ ఒక్కటే కొలిస్తే సరిపోదని నేననేది ఇందుకే.

ఈ మార్పు డాక్టర్లు దయతలచి ఇచ్చింది కాదు. 1983లో డెన్వర్‌లో జరిగిన ఒక సభలో ఎయిడ్స్ ఉన్నవాళ్లే లేచి, మా గురించి తీసుకునే ప్రతి నిర్ణయంలో మేమూ ఉండాలని అడిగారు. 1990 మే నెలలో వందల మంది అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ముందు ధర్నా చేశారు. ఆ తర్వాతే ట్రయల్స్ కమిటీల్లో పేషెంట్లకు కుర్చీ దొరికింది.

మన దగ్గరికి వద్దాం. హెచ్‌పీటీఎన్ 052 అనే పెద్ద స్టడీ ఒకటి జరిగింది. నడిపింది నార్త్ కరోలినా యూనివర్సిటీ డాక్టర్ మైరన్ కోహెన్. 9 దేశాల్లో 1,763 జంటలు, ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. అందులో మన చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నాయి. సగం మందికి మందులు వెంటనే, మిగతా సగానికి రోగనిరోధక శక్తి తగ్గాక. 2011లో తేలిందేంటంటే, ముందే మందులు మొదలుపెడితే పార్ట్‌నర్‌కి సోకడం 96 శాతం తగ్గింది! వెంటనే ఆ రిజల్ట్ బయటపెట్టి, ఆగినవాళ్లందరికీ మందులు ఇస్తామన్నారు.

నిజం చెప్పాలంటే, ఆగిన సగం గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అప్పటి గైడ్‌లైన్స్ అలాగే ఉండేవి, నిజమే. కానీ ఈ రోజు మనం మందులు సరిగ్గా వాడి, టెస్టులో కనిపించనంతగా వైరస్ తగ్గితే సెక్స్ ద్వారా పార్ట్‌నర్‌కి సోకదని ధైర్యంగా చెప్తున్నామంటే, పేరు కూడా తెలియని ఆ జంటల వల్లే కదా.

రేపు మిమ్మల్నో, మీ వాళ్లనో ఎవరైనా ఒక స్టడీలో చేరమంటే భయపడి పారిపోకండి, గుడ్డిగా సంతకం కూడా పెట్టకండి. ఫారం తెలుగులో ఇమ్మనండి. నా వివరాలు ఎవరు చూస్తారు? మధ్యలో మానేస్తే నా మామూలు ట్రీట్‌మెంట్ ఆగదు కదా? రిజల్ట్ నాకు చెప్తారా? బస్ ఛార్జీ, పోయిన కూలీ సంగతేంటి? ఆ స్టడీకి సలహా ఇచ్చే కమిటీలో హెచ్‌ఐవీతో జీవించేవాళ్లు ఉన్నారా? అన్నీ అడగండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీకు అర్థమయ్యేలా చెప్పి, మీరు ఒప్పుకుంటేనే రీసెర్చ్‌లో చేర్చుకోవాలి. ఎవరైనా విసుక్కుంటే అక్కడ సంతకం పెట్టక్కర్లేదు.

టెస్ట్ గురించైనా, మందుల గురించైనా డౌట్ ఉంటే 1097కి ఫోన్ చేయండి. టోల్ ఫ్రీ. వచ్చే ఎపిసోడ్‌లో ఏఆర్‌టీ సెంటర్‌కి మొదటిసారి వెళ్తే ఏం జరుగుతుందో చెప్తాను. ఉంటాను మరి.