నర్సు చదువుకు డబ్బు ఎవరిది?



ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజైన మే 12న ఏ నర్సింగ్ కాలేజీలో సభ జరిగినా తంతు ఒకటే. నైటింగేల్ పటానికి దండ వేస్తారు. ట్యూటర్లు దీపం అందిస్తే విద్యార్థినులు వరుసగా వెలిగించుకుని, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చదువుతారు. ఆ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, హార్పర్ ఆసుపత్రి పాఠశాల కోసం లిస్ట్రా గ్రెటర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ రాసింది. రాత్రిపూట దీపం పట్టుకుని రోగులను చూసే నైటింగేల్ కథ ఇంటింటికీ చేరడమూ చాలావరకు ఆనాటి పత్రికల చలవే. నైటింగేల్ అసలు పని జమాఖర్చుల్లో, లెక్కల పట్టికల్లో, ఉత్తరాల్లో ఉంది. ఈ స్మారకోపన్యాసం పటాన్ని వదిలి ఆ కాగితాల వైపు వెళుతుంది. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఒకటే: నర్సు కాబోయే అమ్మాయి ఆసుపత్రికి విద్యార్థినా, చవకగా దొరికిన పనిమనిషా?

ముందు క్రిమియా యుద్ధం సంగతి చెప్పుకోవాలి. 1854 నవంబరులో ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో టర్కీలో, స్కుటారిలోని బ్రిటిష్ సైనిక ఆసుపత్రికి చేరారు. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరిన ప్రతి వందమంది సైనికుల్లో సుమారు 42 మంది చనిపోయారు. మార్చిలో లండన్ నుంచి పారిశుద్ధ్య కమిషన్ దిగింది. పూడిపోయిన మురుగు కాల్వలు తీయించింది, గోడలకు సున్నం కొట్టించింది, గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి మరణాలు వందకు రెండుకు దిగాయి. ఇందులో దీపం కన్నా చీపురు వాటా ఎక్కువ. యుద్ధం ముగిశాక ఆ లెక్కలన్నీ కట్టి, 1858లో రంగుల పటం గీసి ఆ సంగతి ప్రభుత్వానికి చూపించిందీ ఆమే.

అంతకుముందు నర్సులు లేరా? ఉన్నారు. యూరప్ అంతటా మఠాల్లోని కన్యాస్త్రీలు శతాబ్దాలుగా రోగులకు సేవ చేశారు. జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్‌లో పాస్టర్ ఫ్లీడ్నర్ 1836లోనే ప్రొటెస్టెంట్ స్త్రీలకు శిక్షణ మొదలుపెట్టారు. 1851లో నైటింగేల్ మూడు నెలలు అక్కడే ఉండి నేర్చుకున్నారు. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో మాత్రం కూలికి కుదిరిన ఆడవాళ్లే దిక్కు. ఆంగ్ల నవలాకారుడు డికెన్స్ ఒక నవలలో సైరీ గ్యాంప్ అనే తాగుబోతు నర్సును సృష్టించి ఊరంతా నవ్వేలా చేశాడు. ఆ నవ్వులో కొంత అన్యాయం ఉంది. చదువు చెప్పనివాళ్లను చదువు లేదని ఎగతాళి చేయడం అది.

ఇక డబ్బు. నైటింగేల్ గౌరవార్థం 1855 నవంబరులో లండన్‌లో సభ పెట్టి చందాలు మొదలుపెట్టారు. సుమారు 45 వేల పౌండ్లు పోగయ్యాయి. ఆ నిధితోనే 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో పాఠశాల తెరిచారు. మొదటి జట్టులో పదిహేను మంది చేరారు. శిక్షణ ఏడాది. తిండి, వసతి, యూనిఫాం, టీ, పంచదార అన్నీ నిధి ఖర్చే. పైగా ఏడాదికి పది పౌండ్లు చేతికి ఇచ్చేవారు. మేట్రన్ సారా వార్డ్రోపర్ నెలనెలా ఒక్కొక్కరి మీద ఒక ఫారం నింపాలి. వేళకు రావడం, నెమ్మది, నమ్మకం, శుభ్రత ఒకవైపు. కట్లు కట్టడం, జలగలు పట్టించడం, రోగిని పక్క మార్చడం ఇంకోవైపు. ఆసుపత్రి పైసా పెట్టకుండా శిక్షణ పొందిన చేతులు దొరికాయి. నిధికేమో రోగులతో నిండిన బడి దొరికింది. కాగితం మీద ఇంతకన్నా మంచి బేరం లేదు.

పదేళ్ల తర్వాత లోపల ఏం జరుగుతోందో చూస్తే మరో కథ. పాఠాలు చెప్పాల్సిన వైద్యాధికారి విట్‌ఫీల్డ్ ఎప్పుడో మానేశాడు. శిక్షణలో ఉన్న అమ్మాయిలను వార్డుల్లో మనుషులు తక్కువైన చోటల్లా నింపేస్తున్నారు. మేట్రన్ ఫారాల్లో ఆమె ఇష్టాయిష్టాలే మార్కులు. 1870ల మొదట్లో నైటింగేల్‌కు ఈ సంగతి పూర్తిగా తెలిసింది. విట్‌ఫీల్డ్ స్థానంలో జాన్ క్రాఫ్ట్ వచ్చి క్రమం తప్పకుండా ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. నైటింగేల్ స్వయంగా శిక్షణార్థులను పిలిపించి మాట్లాడడం, ఏటా వాళ్లకు ఉత్తరాలు రాయడం అప్పుడే మొదలైంది. చరిత్రకారిణి మోనికా బేలీ 1986లో ఆ దస్తావేజులు తిరగేసి ఈ వివరాలు బయటపెట్టేదాకా, ఆధునిక నర్సింగ్ మొదటి బడి మొదటి రోజు నుంచీ ఆదర్శంగా నడిచిందనే అందరూ నమ్మారు.

ప్రత్యేక నిధి ఉన్న బడికే ఈ గతి పడితే, నిధి లేని బడుల మాట ఊహించుకోవచ్చు. అమెరికాలో 1873లో న్యూయార్క్, న్యూ హేవెన్, బోస్టన్‌లలో మూడు పాఠశాలలు వచ్చాయి. 1900 నాటికి వాటి సంఖ్య 400 దాటింది. చదువు మీద మోజుతో వచ్చినవి కావు అవన్నీ. బడి పెడితే వార్డులో పగలూ రాత్రీ జీతం లేని చేతులు దొరుకుతాయని ఆసుపత్రి యజమానులు గ్రహించారు. రెండు మూడేళ్లు చాకిరీ చేయించుకుని, పాసైన అమ్మాయిని మాత్రం ఉద్యోగంలోకి తీసుకునేవారు కాదు. ఆమె వెళ్లి డబ్బున్నవాళ్ల ఇళ్లలో రోగులను చూసుకోవాలి, వార్డులో ఆమె స్థానంలోకి కొత్త విద్యార్థిని వస్తుంది. 1923లో జోసఫిన్ గోల్డ్‌మార్క్ నివేదిక దీన్ని సూటిగా ఎత్తిచూపింది. నర్సింగ్ బడికి సొంత డబ్బు, సొంత పాలన ఉండాలని చెప్పింది. అదే ఏడాది రాక్‌ఫెల్లర్ సొమ్ముతో యేల్ విశ్వవిద్యాలయంలో ఆనీ గుడ్‌రిచ్ డీన్‌గా నర్సింగ్ స్కూల్ మొదలైంది.

ఇంకో తగాదా రిజిస్ట్రేషన్‌ది. ఎవరిని నర్సు అనాలో చట్టం చెప్పాలని ఇంగ్లండ్‌లో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ ముప్పై ఏళ్లు పోరాడారు. నైటింగేల్ దాన్ని వ్యతిరేకించారు. మంచి నర్సును పరీక్షతో కొలవలేమన్నది ఆమె వాదం. ఈ ఒక్క విషయంలో ఆమెది పొరపాటని చెప్పక తప్పదు. న్యూజిలాండ్ 1901లోనే చట్టం చేసింది. బ్రిటన్ 1919లో చేసింది.

మన సంగతికి వద్దాం. మద్రాసు ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రిలో 1854లో మంత్రసానుల శిక్షణ మొదలైంది. 1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నలుగురితో నర్సింగ్ బడి పెట్టారని చెబుతారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు మద్రాసే రాజధాని కనుక ఈ చరిత్ర మనదీ. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. అమెరికాలో చదివిన నర్సు కేథరిన్ ఫాస్ ఆమెకు తోడుగా వచ్చారు. తెలుగునాట నర్సింగ్ నేర్పిన తొలి చోట్లలో గుంటూరు ఒకటి.

ఈ బడుల్లో చేరింది ఎవరు? ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. మిగతా కులాల ఇళ్లలో అడ్డంకులు తెలిసినవే. పరాయి మగవాడి ఒళ్లు ముట్టుకోవాలి, మలమూత్రాలు ఎత్తాలి, రాత్రి డ్యూటీ చేయాలి. మైల అని, పరువు అని తలుపు మూసేశారు. ఆ తలుపులు మూసినవాళ్లే జ్వరం వస్తే అదే నర్సమ్మ చేతి మందు తాగారు. ఒక సమాజం తాను ముట్టుకోలేని పనిని కొందరి మీదికి నెట్టి, ఆ పని చేసినందుకు వాళ్లను చిన్నచూపు చూసిన వైనం ఇది. జీతాలు ఏళ్ల తరబడి తక్కువగా ఉండడానికీ దీనికీ సంబంధం ఉంది.

మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో సుమారు 43 వేల మందికి ఒక నర్సు. డాక్టర్లయితే 6,300 మందికి ఒకరు. తేడా చూడండి. అదే 1946లో ఢిల్లీలోనూ వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ కాలేజీలు మొదలయ్యాయి. దేశానికంతటికీ ఒకే ప్రమాణం పెట్టాలని 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం తెచ్చారు. పల్లెలకు 1950ల నుంచి ఏఎన్ఎంలు (సహాయక నర్సు-మంత్రసానులు) వచ్చారు. సైకిలు మీదో కాలినడకనో తిరిగి టీకాలు వేసి, కాన్పులు చేసి, కుటుంబ నియంత్రణ లక్ష్యాల కోసం మాటలు పడింది వాళ్లే. వాళ్ల చరిత్ర వేరే ఉపన్యాసానికి తగినంత ఉంది.

ఇప్పుడు జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. తరగతి గది వచ్చింది, ప్రొజెక్టరు వచ్చింది. పాత బేరం మాత్రం పోలేదు. కొన్ని కాలేజీల్లో విద్యార్థినులను స్టాఫ్ లోటు పూడ్చడానికి వార్డులకు పంపడం, సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచేసుకుని బాండు పేరుతో పని చేయించుకోవడం నర్సులకు కొత్త విషయాలు కావు. ప్రైవేటు ఆసుపత్రుల జీతాల మీద నర్సుల సంఘమే సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. 2016లో కోర్టు చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20 వేలకు తగ్గకూడదంది. ఆ సిఫారసును అమలు చేయడం రాష్ట్రాల చేతికి వదిలేశారు.

1947 చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అదే ఏడాది మెడికల్ కాలేజీల పక్కన 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. మంచిదే. అయితే కాలేజీల సంఖ్యతో పాటు సొంత బడ్జెట్టు, సరిపడా ట్యూటర్లు, విద్యార్థి లేకపోయినా నడవగలిగే వార్డు కావాలి. గోల్డ్‌మార్క్ వందేళ్ల కిందట అడిగింది దాదాపు ఇదే.

ఈ సభలో కూతుళ్లను నర్సింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు ఉంటే ఒక విన్నపం. ఫీజు అడిగే ముందు మూడు మాటలు అడగండి: కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో నిజంగా రోగులున్న పడకలెన్ని, రాత్రి వార్డులో విద్యార్థిని పక్కన జీతం తీసుకునే స్టాఫ్ నర్సు ఉంటుందా? జవాబు రాకపోతే వేరే కాలేజీ చూసుకోండి.